కాలని పెయింటు, తుప్పెక్కిన పొగగొట్టం: ఒక కేస్ స్టడీ

2023 జనవరిలో హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రి మెయింటెనెన్స్ ఇన్‌చార్జి ఫోను చేశారు. "ఎనిమిది నెలల క్రితం వేయించిన పెయింటు సార్. 540 డిగ్రీల వేడి తట్టుకుంటుందని డబ్బా మీదే రాసి ఉంది. మా పైపు వంద డిగ్రీలు కూడా దాటదు. అయినా తుప్పు కారుతోంది" అన్నారు. జవాబు ఆ ఫిర్యాదులోనే ఉందని నాకు ఆ రోజు తట్టలేదు. రెండు వారాలు పట్టింది.

పైపు 500 కేవీఏ డీజిల్ జనరేటర్‌ది. పది అంగుళాల ఉక్కు గొట్టం. ఐదంతస్తుల భవనం వెనక గోడను పట్టుకుని పైకి వెళ్లి, డాబా దాటి ఇంకో నాలుగున్నర మీటర్లు లేస్తుంది. ఆ నాలుగున్నర ఎవరి ఇష్టమూ కాదు. జనరేటర్ కేవీఏకు వర్గమూలం కట్టి, దాన్ని 0.2తో గుణించి, వచ్చినన్ని మీటర్లు భవనం ఎత్తుకు కలపాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సూత్రం. మొత్తం 23 మీటర్లు. ప్రతి క్లాంపు దగ్గరి నుంచి తెల్లగోడ మీదకు గోధుమరంగు చారలు, పాన్ నమిలి ఉమ్మినట్టుగా దిగాయి. యాజమాన్యానికి పైపు గురించి పెద్దగా పట్టలేదు, వాళ్ల బాధంతా గోడ గురించే. పైపు గురించి కంగారుపడినవాడు ఇన్‌చార్జి ఒక్కడే.

బొటనవేలు, గుడ్డ, గేజి

పరీక్షకు వెళ్లినప్పుడు ముందు పరికరాలేవీ బయటకు తీయను. పెయింటు మీద బొటనవేలు పెట్టి గట్టిగా రుద్దుతాను. ఇక్కడ వేలికి వెండిరంగు అంటుకుంది. గోటితో గీస్తే మైనం మీద గీసినట్టు గాడి పడింది. తర్వాత తెల్లగుడ్డను థిన్నరులో ముంచి, రెండో అంతస్తు ఎత్తులో పది పన్నెండు సార్లు అటూ ఇటూ రుద్దాను. పెయింటు కరిగి గుడ్డలోకి వచ్చేసింది. వెనక నుంచి నీలం కలిసిన నలుపు బయటపడింది, దాని అంచు వెంట ఎర్రటి తుప్పు. పైన బాగానే కనిపిస్తున్న చోట కూడా కింద తుప్పు మొదలైందన్నమాట.

ఎనిమిది నెలల ఎండా వానా తిన్న పెయింటు థిన్నరుకు కరగకూడదు. కరిగిందంటే అది ఆరింది గాని కాలలేదు.

ఆ నీలి నలుపు ఉక్కు రేకు మిల్లులో వేడిగా చుట్టినప్పుడు పట్టే పొర. చూడటానికి గట్టిగా, నున్నగా ఉంటుంది కాబట్టి దాని మీదే పెయింటు వేసేస్తుంటారు. అది పగిలిన చోట తడి చేరితే పొరకూ ఉక్కుకూ మధ్య చిన్న బ్యాటరీ తయారై, అరిగేది ఉక్కే. వైరు బ్రష్‌తో తోమితే ఆ పొర పోదు, మెరుగెక్కుతుంది.

మందం గేజి 150 నుంచి 180 మైక్రాన్లు చూపించింది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). నమ్మలేక ఇరవై చోట్ల పెట్టి చూశాను. పాత బిల్లు అడిగితే అందులో 12 లీటర్ల సిలికోన్ అల్యూమినియం పెయింటు అని ఉంది. పైపు చుట్టుకొలత 0.86 మీటరు, పొడవు 23, అంటే విస్తీర్ణం సుమారు 20 చదరపు మీటర్లు. డబ్బాలో గట్టిపడే భాగం 35 శాతం అనుకుంటే 12 లీటర్లలో 4.2 లీటర్లు పైపు మీద మిగలాలి. 20 చదరపు మీటర్లకు సర్దితే 210 మైక్రాన్లు. బ్రష్‌కూ నేలకూ పోయింది తీసేస్తే గేజి చెప్పినదే వస్తుంది. ఈ పెయింటు కోటుకు 20 నుంచి 25 మైక్రాన్లు, రెండు కోట్లే వేయాలి. ఆ పైపుకు నాలుగైదు లీటర్లు చాలు. పాత కాంట్రాక్టరు మోసం చేశాడని నేను అనను. దండిగా వేస్తే దండిగా కాపాడుతుందని మూడు కోట్లు బ్రష్‌తో పూశాడు. ఇంటి గేటుకైతే ఆ లెక్క కొంతవరకు చెల్లుతుంది.

వేడి ఎక్కడ ఉంది?

శనివారం పది నిమిషాల టెస్ట్ రన్ ఉంటుందంటే వెళ్లి నిలబడ్డాను. ఇన్‌ఫ్రారెడ్ గన్ పెడితే రెండో అంతస్తు దగ్గర 48 డిగ్రీలు అంది. చెయ్యి పెడితే అంతకన్నా ఎక్కువే చురుక్కుమంది. వెండిరంగు అల్యూమినియం పూత తన వేడిని సరిగా వెలువరించదు, అందుకే గన్ తక్కువ చెబుతుంది. ఈ తప్పు నేనూ చాలాసార్లు చేశాను. వేడిని తాకి కొలిచే థర్మోకపుల్ తీగ పెట్టి చూస్తే అదే చోట 71 డిగ్రీలు. సైలెన్సరు దాటగానే 118. డాబా మీద 46.

అప్పుడు ఇన్‌చార్జి మొదటి రోజు అన్న మాట గుర్తొచ్చింది. మా పైపు వంద కూడా దాటదు.

సిలికోన్ రెజిన్ పెయింటు మామూలు గాలికి ఆరుతుంది, కాని గట్టిపడదు. దాని వెన్నెముక సిలికాన్, ఆక్సిజన్ పరమాణువులు ఒకటి మార్చి ఒకటి పేర్చిన గొలుసు. ఆ బంధం మామూలు పెయింట్లలోని కార్బన్ బంధం కన్నా గట్టిది, మోలుకు 450 కిలోజౌళ్ల దాకా ఉంటుంది. కార్బన్‌ది 350 దగ్గర. వేడిని తట్టుకునే బలం అక్కడి నుంచే వస్తుంది. అయితే విడి గొలుసులు ఒకదానితో ఒకటి ముడిపడాలంటే లోహం సుమారు 200 డిగ్రీల దగ్గర గంట సేపు ఉండాలి. ఇంకా పైకి, నాలుగైదు వందల డిగ్రీలకు వెళ్తే రెజిన్‌లోని కర్బన భాగం కాలిపోయి, సిలికా, అల్యూమినియం రేకులు కలిసి ఉక్కును అంటిపెట్టుకుంటాయి. ఆ కాలడం జరగకపోతే మన చేతిలో ఉన్నది పచ్చికుండ. ఆరినట్టే కనిపిస్తుంది, నీళ్లు పోస్తే తెలుస్తుంది. దీన్ని వేడి తట్టుకునే పెయింటు అంటారు గాని, వేడి అవసరమైన పెయింటు అంటే సరిగ్గా ఉంటుంది.

ఇంకో మాట. సిలికోన్ మీద నీటిచుక్క తామరాకు మీద బొట్టులా జారిపోతుంది. అది చూసి తడి లోపలికి పోదనుకుంటాం. చుక్క పోదు, ఆవిరి పోతుంది. పైపు వేడిగా ఉన్నంతసేపు దానితో ఇబ్బంది లేదు, తడి నిలవదు. చల్లగా ఉండే పైపుకు, హైదరాబాద్ డిసెంబరు తెల్లవారుజామున మంచు పట్టే ఉక్కుకు, సిలికోన్ ఒక్కటే కాపలా చాలదు. కింద జింకు లాంటిది ఉండాలి.

మరి ఇదే పెయింటు, ఇదే పద్ధతి ఇదే నగరంలో ఇన్నేళ్లు ఎలా నడిచింది? ఇన్‌చార్జికి నేను చెప్పిన సమాధానం కరెంటు. 2012, 2013 ప్రాంతంలో పరిశ్రమలకు పవర్ హాలిడేలు ఉండేవి. బస్తీల నుంచి ఆసుపత్రుల దాకా కోతలే. జనరేటర్లు రోజుకు గంటల తరబడి పూర్తి లోడు మీద నడిచేవి. బ్రష్‌తో పూసిన పెయింటు మొదటి వారంలోనే పైపు మీద కాలి గట్టిపడేది. మరీ మందంగా పడిన చోట బొబ్బలెక్కి రాలేది, అంతే. రాష్ట్రం ఏర్పడిన తర్వాతి ఏళ్లలో కోతలు తగ్గాయి. ఇప్పుడు ఈ జనరేటర్ నెలకు గంట కూడా నడవదు. అదీ లోడు లేకుండా. మేస్త్రీలు మాత్రం తమకు నేర్పినవాళ్లు ఎలా వేశారో అలాగే వేస్తున్నారు.

లాగింగ్ విప్పితే

కింది ఐదు మీటర్లకు రాక్‌ఊల్ (వేడిని ఆపే రాతి నార) చుట్టి, పైన అల్యూమినియం రేకు తొడిగారు. ఈ తొడుగునే లాగింగ్ అంటారు. మనుషులు తిరిగే చోటు కాబట్టి అది తప్పదు. బెండు దగ్గర రేకు అతుకు ఆకాశం వైపు నోరు తెరుచుకుని ఉంది. రేకు విప్పగానే రాక్‌ఊల్ తడిసిన పరుపులా జారి కింద పడింది. పిండితే టీరంగు నీళ్లు వచ్చాయి. బెండు మీద తుప్పు పొరలు పొరలుగా, ఉల్లిపాయలా ఊడింది. అల్ట్రాసోనిక్ గేజితో చూస్తే 6.35 మిల్లీమీటర్ల మందం 4.1కి దిగింది. ఆ బెండు మార్చాల్సిందే. లాగింగ్ కింద ఉక్కుకు అన్నిటికన్నా చెడ్డ వేడి 50 నుంచి 175 డిగ్రీల మధ్య ఉండేదే. అంతకన్నా చల్లగా ఉంటే తుప్పు నెమ్మదిగా నడుస్తుంది, అంతకన్నా వేడిగా ఉంటే నీరు నిలవదు. వారానికోసారి పది నిమిషాల నడక దీన్ని సరిగ్గా ఆ మధ్యలో ఉంచింది.

క్లాంపుల దగ్గర ఇంకో వింత. పైపుకూ జింకు పూసిన (గాల్వనైజ్డ్) పట్టీకీ మధ్య సందులో ఎవరో ట్యూబుతో సిలికోన్ సీలెంట్ నింపారు. పట్టీ విప్పి సీలెంట్‌ను తాడులా లాగితే, అది ఉన్నంత మేరా పట్టీ మీద తెల్లటి పొడి గీత, పైపు మీద ఎర్రటి గీత. కొలబద్ద పెట్టి గీసినట్టున్నాయి. ఇది స్నానాల గదిలో వాడే రకం. ఆరేటప్పుడు పులిసిన వెనిగర్ వాసన వస్తుంది, ఎందుకంటే అది వదిలేది ఎసిటిక్ ఆమ్లమే. గాజుకు, టైల్‌కు ఏమీ కాదు. గాలి ఆడని సందులో జింకుకూ ఉక్కుకూ అది విషం. లోహానికి వాసన లేని న్యూట్రల్ రకం అడిగి తీసుకోవాలి. రాణిగంజ్‌లో ఏ దుకాణంలో అడిగినా రెండూ పక్కపక్కనే ఉంటాయి. రెండింటినీ, నా పెయింటునూ, చివరికి మూలకాన్నీ కలిపి 'సిలికాన్' అనే అంటారు. నేను సిలికోన్ అని దీర్ఘం తీస్తే నవ్వుతారు. ఆ పేరు పెట్టిన నాటింగ్‌హామ్ రసాయన శాస్త్రవేత్త ఫ్రెడరిక్ కిప్పింగ్‌కు కూడా ఈ పదార్థాల వల్ల పెద్ద ఉపయోగం ఉంటుందన్న ఆశ లేదు. కాబట్టి దుకాణదారును తప్పుపట్టలేం.

ఏం చేద్దామనుకున్నాం

గాలికే గట్టిపడే రకం పెయింట్లు ఉన్నాయి. అవి వాడితే ఈ కథ ఇక్కడే అయిపోయేది. కొటేషన్ చూసి యాజమాన్యం వద్దంది. ఆరు గంటలు పూర్తి లోడు మీద జనరేటర్ నడిపి పైపు మీదే కాలుద్దామంటే, అంత లోడు ఆసుపత్రిలో లేదు, కృత్రిమ లోడు అద్దెకు తెచ్చినా డాబా దగ్గర పైపు 200 డిగ్రీలకు చేరుతుందన్న నమ్మకం నాకు లేదు.

వేడి పైపు దగ్గరకు రాదు కాబట్టి పైపునే వేడి దగ్గరకు తీసుకెళ్లాలి. ముక్కలను బోల్టులతో కలిపే ఫ్లాంజిలు విప్పితే మూడేసి మీటర్ల ముక్కలు ఎనిమిది వస్తాయి. జీడిమెట్లలో గ్రిట్ బ్లాస్టింగ్ (గరుకు రవ్వను గాలితో కొట్టి ఉక్కును శుభ్రం చేయడం), పక్కనే బాలానగర్‌లో పౌడర్ కోటింగ్ (పొడి రంగును లోహం మీద కాల్చి అతికించడం) చేసే ఓవెన్. పౌడర్ కాలేది కూడా 180, 200 డిగ్రీల దగ్గరే. కాగితం మీద అందంగా కుదిరింది.

ఓవెన్ యజమాని నాకు పదేళ్ల పరిచయం. టీ తెప్పించి, విషయం విని, సిలికోన్ అన్న మాట రాగానే గ్లాసు కింద పెట్టాడు.

"అన్నా, మీరు ఏదైనా అడగండి. ఇది మాత్రం వద్దు. మా షెడ్డులో తలుపు బందులకు సిలికోన్ స్ప్రే కూడా కొట్టనివ్వను."

అతని భయం నిజమైనదే. సిలికోన్ ఆవిరి కాస్త ఓవెన్ గోడలకు పట్టినా, మర్నాడు కాల్చే పౌడర్ కోటింగ్ మీద చిన్నచిన్న గుంటలు పడతాయి. ఫిష్ ఐ అంటారు. ఫ్యాన్ రెక్కలు, ఫ్రిజ్ తలుపులు కాల్చే మనిషికి ఒక రాత్రి అద్దె కోసం వారం పని పాడుచేసుకోవాల్సిన అవసరం లేదు. రెండు రోజులు బేరం నడిచింది. శనివారం రాత్రి ఆఖరి షిఫ్టు తర్వాత మా పని, తర్వాత ఖాళీ ఓవెన్‌ను ఎగ్జాస్ట్ ఫ్యాన్ తెరిచి అత్యధిక వేడి మీద నడపడం, ఆదివారం తెల్ల పలక ఒకటి కాల్చి చూడటం, గుంటలు పడితే శుభ్రం అయ్యేదాకా డీజిల్ ఖర్చు నాది. ఆ షరతు మీద ఒప్పుకున్నాడు. ట్రాలీ పట్టాలు మోయగలవా అని ఒక్కో ముక్క బరువు అడిగాడు. 125 కిలోలు. నాలుగు కన్నా ఎక్కువ ఒకసారి ఎక్కించనన్నాడు.

ఏప్రిల్ చేసిన పని

పై 18 మీటర్లకు జింకు సిలికేట్ ప్రైమరు, దాని మీద రెండు పల్చటి సిలికోన్ అల్యూమినియం కోట్లు. కింది ఐదు మీటర్లకు ప్రైమరు లేకుండా సిలికోన్ కోట్లే. నిజంగా కరెంటు పోయి పూర్తి లోడు పడిన రోజు లాగింగ్ కింద పైపు 419 డిగ్రీలు దాటవచ్చు, అక్కడ జింకు కరుగుతుంది. తడి లాగింగ్ కింద 45 మైక్రాన్ల పూత మీద నాకు గొప్ప నమ్మకం లేదు. అక్కడ అసలు కాపలా రేకు అతుకులను కిందికి తిప్పడమే.

బ్లాస్టింగ్ ఎస్‌ఏ 2.5 స్థాయికి, అంటే ఉక్కు దాదాపు తెల్లగా శుభ్రపడేదాకా, చేయించాం. గరుకుతనం 40 మైక్రాన్లు దాటకూడదని సూపర్‌వైజరుతో పోట్లాడాను. పెద్ద గ్రిట్ వాడితే పని త్వరగా అవుతుంది. కాని 20 మైక్రాన్ల పూతలోంచి 70 మైక్రాన్ల ఉక్కు కొనలు ముళ్లలా బయటికి పొడుచుకొస్తాయి, మొదటి వానకు ఒక్కో కొన మీద ఒక్కో తుప్పు చుక్క పుడుతుంది.

జింకు సిలికేట్ దగ్గర నేనే దెబ్బతిన్నాను. ఈ ప్రైమరు గట్టిపడటానికి గాలిలో తేమ కావాలి, కనీసం 50 శాతం. నా పని ఎక్కువగా వానాకాలం ముగిశాక ఉంటుంది కాబట్టి ఈ సంగతి పుస్తకంలో తెలుసు గాని చేతికి తెలియదు. ఏప్రిల్ మధ్యాహ్నం జీడిమెట్ల షెడ్డులో తేమ 27 శాతం. మర్నాడు ఎంఈకే ద్రావకంలో ముంచిన గుడ్డతో 50 సార్లు రుద్దాల్సిన పరీక్షలో 15 సార్లకే బూడిదరంగు జింకు గుడ్డ నిండా వచ్చింది. ఇలాంటి దాని మీద సిలికోన్ వేస్తే రెండూ కలిసి రేకులా ఊడతాయి. మా పెయింటర్ మాట్లాడకుండా వెళ్లి మొక్కలకు కొట్టే స్ప్రే పంపు తెచ్చాడు. ముక్కల మీద సన్నగా నీళ్లు కొట్టి, చుట్టూ తడి గోనెసంచులు కట్టి, షెడ్డు నేలంతా తడిపాం. సాయంత్రం మళ్లీ, రాత్రి మళ్లీ. రెండో రోజు 50 సార్లు రుద్దినా గుడ్డ మీద మరక తప్ప ఏమీ రాలేదు. నాణెం అంచుతో గీస్తే జింకు రాలకుండా మెరిసింది.

జింకు సిలికేట్ పొర స్పాంజిలా సూక్ష్మరంధ్రాలతో ఉంటుంది. దాని మీద సిలికోన్‌ను నేరుగా నిండుగా వేస్తే రంధ్రాల్లోని గాలి బుడగలై పైకి తన్నుతుంది. ముందు మంచు పడినట్టు పల్చగా ఒక చేయి తిప్పి, పదిహేను నిమిషాలు ఆగి, ఆ తర్వాత అసలు కోటు వేశాం. తడి పూత మందం కొలిచే దువ్వెనలో 60 మైక్రాన్ల పన్ను తాకాలి, ఆరాక 20 మిగులుతుంది. పైపు ఇంకా గరుకుగానే కనిపిస్తోందని, మరో చేయి వేద్దామని మా పెయింటర్ మూడుసార్లు అడిగాడు. రెండు కోట్లకూ కలిపి ఖర్చయిన పెయింటు నాలుగు లీటర్ల పైన కొంచెం.

శనివారం రాత్రి

థిన్నరు పూర్తిగా పోవడానికి ముక్కలను ఒక రోజంతా గాలికి ఉంచాం. పచ్చిగా ఓవెన్‌లోకి తోస్తే పూత బొబ్బలెక్కడం చిన్న విషయం, ఓవెన్‌లో ద్రావకం ఆవిరి నిప్పందుకోవడం పెద్ద విషయం. థర్మోకపుల్‌ను గాలిలో వేలాడదీయకుండా పైపు గోడకే కట్టాం. ఓవెన్ మీటర్ 200 చూపినప్పుడు లోహం 120 దగ్గరే ఉంది. 'అయిపోయినట్టే కదా' అని యజమాని కొడుకు అడుగుతూనే ఉన్నాడు. అతని పౌడర్‌కు పదిహేను నిమిషాలు చాలు. వందకు చేరాక అరగంట ఆపి, మెల్లగా పెంచి, లోహం 200 అందుకున్నాక గంట లెక్కపెట్టాం. రెండో విడత బయటికి వచ్చేసరికి తెల్లవారుజామున నాలుగు.

చల్లారాక అదే థిన్నరు, అదే తెల్లగుడ్డ. వందసార్లు రుద్దాను. గుడ్డ తెల్లగానే ఉంది. గోరు జారిపోయింది.

యజమాని కాల్చిన మొదటి పలక మీద రెండు గుంటలు పడ్డాయి. నా వైపు చూశాడు గాని ఏమీ అనలేదు. ఇంకో గంట ఖాళీ ఓవెన్ నడిపాక రెండో పలక శుభ్రంగా వచ్చింది. మొత్తం లెక్క చూస్తే పెయింటు ఖర్చు కన్నా ఓవెన్ అద్దె, డీజిల్ ఖర్చే ఎక్కువ.

పైపు దించిన రోజు నుంచి ఎక్కించిన రోజు దాకా తొమ్మిది రోజులు. అన్నాళ్లూ ఆసుపత్రికి చిన్న జనరేటరూ, అద్దెకు తెచ్చిన ఇంకొకటీ కాపలా కాశాయి. బెండు కొత్తది, క్లాంపుల సందుల్లో న్యూట్రల్ సీలెంట్, రేకు అతుకులన్నీ నేల వైపు. నెలకోసారి 30 శాతం లోడు మీద అరగంట నడపమని ఇన్‌చార్జికి చెప్పాను. అది పెయింటు కోసం కాదు, పైపు లోపల చేరే నీరు ఎండటం కోసం.

వానల తర్వాత

2023 సెప్టెంబరులో చూసినప్పుడు పైపు మీద తుప్పు లేదు. 2024 జులైలో మళ్లీ వెళ్లాను. పైపు ఒళ్లు బాగుంది. గుడ్డ పరీక్షలో మార్పు లేదు. లాగింగ్ ఒక చోట విప్పి చూస్తే రాక్‌ఊల్ పొడిగా ఉంది. గోడ మీద మాత్రం మళ్లీ చారలు, సన్నవి. ఫ్లాంజి బోల్టుల నుంచి.

అది నా తప్పు. ఎక్కించేటప్పుడు స్పానర్ పట్టి బోల్టు తలల మీద పూత చిట్లింది. పని అయిపోయే తొందరలో డబ్బాలో మిగిలిన సిలికోన్‌నే బ్రష్‌తో అద్దించి దిగిపోయాను. పైపు ముక్కల కోసం ఓవెన్ యజమానితో రెండు రోజులు బేరమాడినవాడిని, బోల్టుల దగ్గరికొచ్చేసరికి పాత కాంట్రాక్టరు చేసిందే చేశాను.

ఈసారి హీట్ గన్ పట్టుకెళ్లాం. తలలను రాపిడి చేసి, పల్చగా పూసి, ఆరాక ఒక్కోదాన్ని థర్మోకపుల్ 200 చూపేదాకా వేడి చేసి అక్కడే పట్టి ఉంచాలి. చుట్టూ ఉన్న ఫ్లాంజి వేడిని పీల్చుకుంటుంది కాబట్టి ఒక్కో బోల్టుకు అనుకున్నదానికన్నా చాలా ఎక్కువ సేపు పడుతోంది. తాళ్ల మీద వేలాడుతూ మా పెయింటర్ రోజుకు ఒక ఫ్లాంజి పూర్తి చేస్తున్నాడు. ఇది రాసే సమయానికి కింది నుంచి మూడో ఫ్లాంజి దగ్గర ఉన్నాడు.